పాత హార్డ్ డిస్కులకి 12 వోల్టుల సాటా అడాప్టర్: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

పర్లాకిమిడిలో మాది చిన్న ఫొటో స్టూడియో. గజపతి జిల్లా పెళ్లిళ్లూ మావే, అటు పాతపట్నం వైపు పెళ్లిళ్లూ మావే, సీజన్ వచ్చిందంటే కెమెరా కార్డులు ఖాళీ చెయ్యడం, డిస్కులు తగిలించడం, మళ్లీ విప్పడం, సగం రోజు దీంతోనే పోతుంది. అందుకే కంప్యూటర్‌లోంచి తీసిన డిస్కుని యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కి తగిలించే ఈ అడాప్టర్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇది లేక ఒక మంచి డిస్కుని పోయిందని చెప్పి ఇంటికి పంపేయబోయాను.

వర్షాకాలంలో మా వీధి పిన్ని ఒకావిడ పాత సీపీయూని బియ్యం సంచిలో పెట్టి ఆటోలో తెచ్చింది. బాబాయి పోయి నాలుగేళ్లయింది. "బాబూ, చెల్లి పెళ్లి వీడియో ఇందులోనే ఉంది, మీ బాబాయి మాట్లాడింది ఇంకెక్కడా లేదు, ఎలాగైనా తీసిపెట్టు" అంది. బోర్డు కాలిపోయి ఆన్ కావట్లేదు. మూత విప్పి డిస్కు బయటికి తీశాను, 3.5 అంగుళాల సాటా డిస్కు (డిస్కుని బోర్డుకి కలిపే ఒక రకం కనెక్షన్ పేరు సాటా), 320 జీబీ. అప్పటికి నా దగ్గరున్నది 300 రూపాయల చిన్న కేబుల్, యూఎస్‌బీలో గుచ్చడమే తప్ప దానికి వేరే కరెంటు ఉండదు. తగిలించాను. చప్పుడు లేదు. డిస్కు తిరుగుతుంటే పైన అరచెయ్యి పెడితే సన్నగా అదురు తెలుస్తుంది, అదీ లేదు. "పోయినట్టుంది పిన్నీ" అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు, సంచి మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే అర్థమైంది. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులు. ల్యాప్‌టాప్‌లో ఉండే 2.5 అంగుళాల డిస్కు ఆ 5 వోల్టులతోనే తిరుగుతుంది, కానీ డెస్క్‌టాప్ డిస్కు మోటారుకి 12 వోల్టులు కావాలి, అది ఆ కేబుల్‌లో రానే రాదు. డిస్కు చావలేదు, దానికి తిండి పెట్టలేదు, అంతే.

బరంపురం పనుండి వెళ్లినప్పుడు ఈ అడాప్టర్ తెచ్చాను, 1,450 అయింది. నల్లటి చిన్న పెట్టె, ఒక పక్క సాటా, మిగతా రెండు పక్కల సాటా రాకముందు వాడిన పాత ఐడీఈ రకం డిస్కులకి 40 పిన్నులది, 44 పిన్నులది. దానితో పాటు 12 వోల్టులు 2 ఆంపియర్ల పవర్ అడాప్టర్, దాన్నుంచి డిస్కుకి వెళ్లే కేబుల్, దాని మీద స్విచ్. పిన్నిని మళ్లీ పిలిచాను. ముందు డిస్కుకి రెండు కేబుళ్లూ పెట్టి, స్విచ్ వేసి, తిరిగే చప్పుడు నిలకడ అయ్యాక యూఎస్‌బీ గుచ్చాను. జుయ్యిమని మొదలైంది. పిన్ని కుర్చీలోంచి లేచి నిలబడింది.

విండోస్‌లో డిస్కు కనపడింది గానీ బాబాయి ఫోల్డర్ తెరవబోతే పర్మిషన్ లేదంది. ఇక్కడ చాలామంది భయపడి ఆపేస్తారు. పాత కంప్యూటర్ యూజర్ పేరు మీద ఉన్న ఫోల్డర్ కాబట్టి అలా అడుగుతుంది, కంటిన్యూ నొక్కితే కాసేపటికి తెరుచుకుంటుంది. ఫార్మాట్ చెయ్యాలా అని అడిగితే మాత్రం చచ్చినా నొక్కకండి, క్యాన్సిల్ కొట్టి తెలిసినవాళ్లకి చూపించండి. పెళ్లి వీడియో దొరికింది. అప్పగింతల దగ్గర బాబాయి వియ్యంకుడితో "మా పిల్లకి పొద్దున్నే కాఫీ పడాలండీ, మరి" అంటున్నాడు. పిన్ని దాన్ని మూడుసార్లు పెట్టించుకుంది.

ఇక వస్తువు ఎలా ఉందంటే, పని బాగా చేస్తుంది, కానీ లోపాలున్నాయి. యూఎస్‌బీ కేబుల్ మరీ పొట్టి, మూరెడు కూడా లేదు, డిస్కుని ల్యాప్‌టాప్ పక్కనే ఆనించి పెట్టాల్సి వస్తుంది, తిరుగుతున్న డిస్కు చెయ్యి తగిలి కదిలితే ప్రమాదం. పవర్ అడాప్టర్ గంట దాటితే బాగా వేడెక్కుతుంది. ఇంకోటి, డిస్కుని ఇనప బల్ల మీద పెట్టకండి, అడుగున బోర్డు బయటికే ఉంటుంది, షార్ట్ అవుతుంది. నేను చెక్క పీట మీద పెడతాను. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది గానీ డిస్కు ఆగిపోతుంది, కాపీ మధ్యలో తెగుతుంది. మా ఊళ్లో వాన పడితే కరెంటు సంగతి తెలిసిందే, అందుకని దీన్ని యూపీఎస్‌కి పెట్టాకే మొదలుపెడతాను, లేకపోతే ఆ టెన్షన్ పడలేం.

లోపల నీలం రంగు ప్లాస్టిక్ ఉన్న యూఎస్‌బీ 3.0 పోర్టు ఉంటే దాంట్లోనే గుచ్చండి. 200 జీబీ వీడియోలు పాత 2.0 పోర్టులో దాదాపు రెండు గంటలు పడితే, దీంట్లో ముప్పావు గంటకి అయిపోయాయి. చిన్న డిస్కులకి ఇంకో లాభం కూడా ఉంది. 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల దాకా ఇస్తే 3.0 పోర్టు 900 దాకా ఇస్తుంది, టిక్ టిక్ మని కొట్టుకుంటూ తెరుచుకోని ల్యాప్‌టాప్ డిస్కులు కొన్ని పోర్టు మార్చేసరికి మామూలుగా పనిచేశాయి.

మెమరీ కార్డులకి ఇది పనికిరాదు, వాటికి కార్డ్ రీడర్ వేరే కొనుక్కోవాలి. అక్కడా జాగ్రత్తే. బాగా పాత రీడర్లు 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ కార్డులే చదువుతాయి, 64 జీబీ కార్డు పెడితే కనపడదు, లేదా ఫార్మాట్ చేయమంటుంది. మా కుర్రాడు ఒక పెళ్లి కార్డుని అలా ఫార్మాట్ చెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను, రీడర్ మారిస్తే అన్నీ ఉన్నాయి. మైక్రో ఎస్‌డీ కార్డుని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి వాడటం నేను మానేశాను, తొడుగులో రేకులు అరిగితే కాపీ మధ్యలో కార్డు ఊడిపోయినట్టు మాయమవుతుంది. నేరుగా మైక్రో గాడి ఉన్న రీడరే తీసుకోండి. వెనక రెండు వరసల రేకులుండే యూహెచ్ఎస్-2 కార్డు మీ దగ్గర ఉంటే దానికి తగ్గ రీడర్ కొనండి, మామూలు దాంట్లోనూ చదువుతుంది గానీ కార్డుకి అంత డబ్బు పెట్టిన వేగం రాదు.

ఇంట్లో అటకెక్కిన సీపీయూ ఉన్నవాళ్లు ఈ అడాప్టర్ కొనొచ్చు, అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతున్నారు, బొమ్మ ఒక్కటే, పవర్ అడాప్టర్ లేనిది సగం ధరకి వస్తుంది. డబ్బులిచ్చే ముందు పెట్టె తెరిపించండి, గోడకి గుచ్చే అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉందో లేదో మీ కళ్లతో చూసుకుని తెచ్చుకోండి.