2013 నుంచి ఒకే ఆరోగ్య బీమా: ప్రీమియం ఎలా పెరిగింది, ఎక్కడ తగ్గించగలిగాను

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, 2013లో, విజయవాడ చిరునామాతో మూడు లక్షల రూపాయల వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీ తీసుకున్నాను. అప్పటి నుంచి ఒక్క ఏడాది కూడా విరామం ఇవ్వకుండా అదే కంపెనీలో కొనసాగుతున్నాను, మధ్యలో ఒకసారి ఆపరేషన్‌కు క్లెయిము కూడా చేశాను. ఇన్నేళ్ల వాడకం తరువాత గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. ఏటా కట్టే ప్రీమియానికి, ఆసుపత్రిలో చేరినప్పుడు మన జేబులోంచి పోయే సొమ్మును కలిపి చూస్తేనే పాలసీ అసలు ఖరీదు తెలుస్తుంది.

మొదట్లో ఆరు వేల రూపాయల లోపు ఉన్న ప్రీమియం ఇప్పుడు రెట్టింపు దాటింది. ఇందులో బీమా మొత్తాన్ని అయిదు లక్షలకు పెంచుకోవడం వల్ల వచ్చినది కొంత, కంపెనీ ఎప్పటికప్పుడు రేట్లు సవరించడం వల్ల వచ్చినది కొంత. పెద్ద భాగం మాత్రం వయసుదే. చాలా పాలసీల్లో ప్రీమియం అయిదేళ్ల వయసు శ్లాబుల ప్రకారం ఉంటుంది కాబట్టి నలభై అయిదు దాటి నలభై ఆరులోకి వచ్చిన ఏడాది, ఏ జబ్బూ చేయకపోయినా, ప్రీమియం ఒక్కసారిగా ఎగబాకింది. క్లెయిము చేస్తే ప్రీమియం పెరుగుతుందని చాలామంది భయపడతారు గానీ నా విషయంలో అలా జరగలేదు. క్లెయిము చేయని ఏళ్లకు బీమా మొత్తానికి అదనంగా కలుస్తూ అంతవరకు పోగైన బోనస్ కొంత తగ్గింది, అంతే. క్లెయిము చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించే హక్కు కూడా కంపెనీకి లేదు.

నా పాత పాలసీలో గది అద్దెకు రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే మూడు వేల రూపాయల పరిమితి ఉండేది. 2022లో హెర్నియా ఆపరేషన్‌కు చేరినప్పుడు ఆ ధరలో గది ఖాళీ లేక అయిదు వేల రూపాయల గదిలో ఉండాల్సి వచ్చింది. నాలుగు రోజులకు గది అద్దె 20 వేలు, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ ఖర్చులు కలిపి 80 వేలు, మందులు, పరీక్షలు, లోపల వేసిన మెష్ (వల) కలిపి 60 వేలు, వెరసి లక్షా అరవై వేల బిల్లు అయింది. అదనపు గది అద్దె ఎనిమిది వేలే కదా, అది మనం పెట్టుకుంటే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ గది అద్దెలో అయిదింట మూడు వంతులకు, అంటే అరవై శాతానికి మాత్రమే అర్హత ఉంది కాబట్టి డాక్టర్ల ఫీజు, థియేటర్ ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో కోతకు గురై 80 వేలకు 48 వేలే మంజూరయ్యాయి. మందులు, పరీక్షలు, మెష్ వంటి ఇంప్లాంట్లకు ఈ కోత వర్తించదన్న నిబంధన ఉండడం వల్ల ఆ 60 వేలు పూర్తిగా వచ్చాయి. మొత్తం మీద నలభై వేలు నా చేతి నుంచి పడ్డాయి. గ్లౌజులు, అడ్మిషన్ కిట్ వంటి బీమా చెల్లించని వస్తువుల ఖర్చు దీనికి అదనం. ఉదయం డిశ్చార్జి రాసినా కంపెనీ తుది అనుమతి వచ్చేసరికి రాత్రయింది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ తుది అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని ఆదేశించింది. రోగుల కుటుంబాలకు ఇది నిజంగా ఎంతో అవసరమైన నిబంధన.

ఆ తరువాత అదే కంపెనీలో గది అద్దె పరిమితి లేని ప్లానుకు మారాను. ప్రీమియం కాస్త పెరిగింది. ఒకే కంపెనీలో మారడం వల్ల అప్పటికే పూర్తయిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిము ఇవ్వని తొలి గడువు) పోలేదు, కొత్తగా పెంచుకున్న రెండు లక్షలకు మాత్రం మళ్లీ మొదలైంది. అయిదు లక్షలు ఈ రోజుల్లో పెద్ద జబ్బుకు చాలవు, అలాగని మూల పాలసీనే పాతిక లక్షలకు పెంచితే ప్రీమియం మోయడం కష్టం. అందుకే అయిదు లక్షల డిడక్టిబుల్‌తో, అంటే అంతవరకు ఖర్చు తనకు సంబంధం లేదనే షరతుతో, ఇరవై లక్షల సూపర్ టాప్‌అప్ అనే అదనపు పాలసీ విడిగా తీసుకున్నాను. మొదటి అయిదు లక్షలు దాటిన ఖర్చు మాత్రమే భరిస్తుంది కాబట్టి దాని ప్రీమియం మూల పాలసీలో మూడో వంతు కూడా లేదు. ఖర్చు తగ్గించుకునే మార్గాల్లో నాకు నిజంగా లాభించింది ఇదే. అయితే టాప్‌అప్‌కూ సూపర్ టాప్‌అప్‌కూ తేడా చూసుకోవాలి: మొదటిది ఒక్కో చేరికలో అయిన ఖర్చు విడిగా డిడక్టిబుల్ దాటాలంటుంది, రెండోది ఏడాది మొత్తం ఖర్చును కలిపి లెక్కిస్తుంది.

ప్రీమియం తగ్గుతుందని ఇరవై శాతం కో-పే, అంటే ప్రతి బిల్లులో అంత వాటా మనమే భరించడం, ఒప్పుకోవడం మాత్రం నాకు నచ్చదు. నాలుగు లక్షల బిల్లు వస్తే ఎనభై వేలు మనమే కట్టాలి, చిన్న బిల్లు వచ్చినా అదే వాటా తప్పదు. బీపీ, షుగరు ఉన్న సంగతి దాచి తక్కువ ప్రీమియానికి పాలసీ తీసుకోవడం అంతకన్నా ప్రమాదకరం. వరుసగా అయిదేళ్లు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిము తిరస్కరించకూడదన్న రక్షణ ఉన్న మాట నిజమే గానీ, ఆ అయిదేళ్లలో గుండె జబ్బు వస్తే ఎవరు ఆదుకుంటారు? ముందే చెప్పిన జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా మూడేళ్లే కాబట్టి ఉన్నదున్నట్టు రాయడమే మేలు.

పన్నుల విషయంలో కలిసొచ్చిన మార్పు 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ ఎత్తివేయడం. పది వేల ప్రీమియంపై పద్దెనిమిది వందలు తగ్గాలి. రెన్యువల్ నోటీసులో నేను చూసేది చివరి మొత్తాన్ని కాదు, పన్నుకు ముందున్న మూల ప్రీమియాన్ని. ఆ అంకె కూడా పెరిగి ఉంటే పన్ను తగ్గింపు మనకు పూర్తిగా అందనట్టే. ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమాకు పాతిక వేలు, అరవై దాటిన వారి ప్రీమియానికి యాభై వేల వరకు మినహాయింపు ఉంది గానీ అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే, అదీ నగదు రూపంలో కట్టనప్పుడే.

విజయవాడ చిరునామాతో ప్రీమియం హైదరాబాదు కన్నా తక్కువ పడింది. కొన్ని పాలసీల్లో పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే కో-పే పడుతుంది కాబట్టి మనం నిజంగా ఎక్కడ వైద్యం చేయించుకుంటామో ఆలోచించి జోన్ (ప్రీమియం కోసం కంపెనీ విభజించిన నగరాల వర్గం) ఎంచుకోవాలి. డెబ్బై దాటిన తల్లిదండ్రులు ఉన్నవారు, ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద దొరికే అయిదు లక్షల కార్డును ముందు తీసుకోవాలి. ఆ వయసులో కొత్త పాలసీ ప్రీమియం చూశాక దాని విలువ అర్థమవుతుంది.

ఈ ఏడాది వేరే కంపెనీకి పోర్ట్ చేసే, అంటే పూర్తయిన వెయిటింగ్ పీరియడ్ పోకుండా పాలసీని మార్చుకునే, ఆలోచనతో రెన్యువల్‌కు రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టాను, ఎందుకంటే కనీసం నెలన్నర ముందు అడగాలి. కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా పాత పాలసీని వదులుకోకూడదు. వాళ్లు చెప్పిన ప్రీమియం రెండు వేలు తక్కువే గానీ ప్లానులో గది అద్దె పరిమితి ఉంది. అందుకని పాత దాన్నే రెన్యూ చేశాను.