పారి/జీపీ: పెద్ద సంఖ్యల గుట్టు విప్పే సాఫ్ట్‌వేర్, కామా పెడితే మాత్రం కొంప మునుగుతుంది

147573952589676412927 ని స్ప్రెడ్‌షీట్‌లో కొట్టి చూడండి. చివరి ఆరు అంకెలూ సున్నాలైపోతాయి, బేసి సంఖ్య కాస్తా సరి సంఖ్యవుతుంది. స్ప్రెడ్‌షీట్ నిలుపుకునేది 15 అంకెలే. ఆ తర్వాత భాజకాలు లెక్కేసినా, ప్రధాన సంఖ్యో కాదో చూసినా వృథాయే. ఉచితంగా దొరికే పారి/జీపీలో ఈ బాధ లేదు, మెమరీ సరిపోయినంత వరకు ఒక్క అంకె కూడా పోదు.

పై సంఖ్య 2^67−1. ఇది ప్రధాన సంఖ్య కాదని 1876లోనే గణితవేత్త ల్యూకా తేల్చినా, కారణాంకాలు మరో గణితవేత్త కోల్ చూపించింది 1903లో. పారి/జీపీలో 'ఫ్యాక్టర్' కమాండ్ ఇస్తే ఎంటర్ నొక్కేలోపే 193707721, 761838257287 వచ్చేస్తాయి. జవాబు రెండు నిలువు వరుసల్లో ఉంటుంది: ఎడమవైపు ప్రధాన కారణాంకాలు, కుడివైపు ఘాతాలు. 20! ఇస్తే ఘాతాలు 18, 8, 4, 2, ఆపైన నాలుగు ఒకట్లు. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణిస్తే 41040 భాజకాలు. భాజకాలెన్నో చెప్పే 'నమ్‌డివ్' కమాండ్ ఇచ్చేదీ అదే.

అసలు చిక్కు టైపింగ్‌లో ఉంది. అంకెల మధ్య మనం అలవాటుగా పెట్టే కామా ఇక్కడ పనికిరాదు. భాజకాల మొత్తం కోసం సిగ్మా(12,345) అని కొడితే 12345 సంగతి వదిలేసి, 12 భాజకాల 345వ ఘాతాల మొత్తం ఇస్తుంది. ఎర్రర్ రాదు, కొండంత సంఖ్య వస్తుంది, అదే జవాబనుకుంటాం. ఇంతకంటే చెడ్డ తప్పు ఇంకోటి లేదు. 10^20 పూర్ణాంకమే గానీ, అదే విలువను 1e20 అని రాస్తే దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది, ప్రధాన సంఖ్యో కాదో చెప్పే 'ఈజ్‌ప్రైమ్' కమాండ్ దాన్ని ఒప్పుకోదు.

ఫ్యాక్టర్‌కి రెండో విలువగా 10^6 లాంటి హద్దు ఇస్తే ఆ లోపు కారణాంకాలే వెతుకుతుంది కాబట్టి పని త్వరగా అవుతుంది, కానీ మిగిలిన ముక్క ప్రధాన సంఖ్యే అనుకోకండి. 2^67−1 ని అలా ఇస్తే చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది.

ప్రధాన సంఖ్యో కాదో 'ఈజ్‌సూడోప్రైమ్' కమాండ్ వేగంగా చెబుతుంది, 2^64 లోపు దాని మాట ఖాయం. ఆపైన ఇప్పటిదాకా తప్పు దొరకలేదు గానీ రుజువూ లేదు. రుజువు కావాలంటే 'ఈజ్‌ప్రైమ్' వాడాలి, అంకెలు వందలు దాటితే కాసేపు ఆగాలి.

స్టాక్ (లెక్కలకు కేటాయించిన మెమరీ) నిండిందని ఆగిపోతే అలొకేట్‌మెమ్(10^9) ఇవ్వండి. కమాండ్లు ఫైల్‌లో రాసి నడిపేటట్టయితే అది విడిగా ఒక వరుసలో ఉండాలి.

విడదీయాల్సిన సంఖ్య రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధమై, వంద అంకెలు దాటితే పారి/జీపీతో కుస్తీ పట్టొద్దు. కారణాంకాలు వెతికే పద్ధతుల్లో ఇందులో క్వాడ్రాటిక్ సీవ్ వరకే ఉంది, మరీ పెద్ద సంఖ్యలకు పనికొచ్చే నంబర్ ఫీల్డ్ సీవ్ లేదు. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యని 2020లో విడదీసింది ఆ పద్ధతి వాడే కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్ సాఫ్ట్‌వేర్. అంత పని ఉంటే దాన్నే పట్టుకోండి.