కోనసీమ ఉక్కపోతలో ఎఫ్‌పీవీ గాగుల్స్: ముందు ఫ్యాన్ చూడండి

తెర రిజల్యూషన్, వీక్షణ కోణం గురించి అమ్మేవాళ్లే చెబుతారు, వాటి జోలికి పోను. గోదావరి డెల్టాలో ఎఫ్‌పీవీ గాగుల్స్ (డ్రోన్ కెమెరా చూసేది కళ్లముందే చూపే తెర కళ్లద్దాలు) కొనేవాళ్లు అన్నిటికన్నా ముందు ముఖం వైపు, లెన్స్‌ల మీది ఆవిరి పోగొట్టే ఫ్యాన్ ఉందో లేదో చూడాలి. నేను వాడుతున్నది రెండు చిన్న తెరలున్న అనలాగ్ రకం. అందులో నాకు బాగా నచ్చిందీ, బాగా విసిగించిందీ ఆ ఫ్యానే.

ఇక్కడి గాలిలో తేమకి లెన్స్ కాస్త చల్లగా ఉంటే చాలు, ఆవిరి పట్టేస్తుంది. నుదుటి చెమట, ముక్కు దగ్గర సందులోంచి వచ్చే ఊపిరి ఫోమ్ లోపలే ఉండిపోతాయి. మొదట అంచులు తెల్లబడతాయి, తర్వాత తెర మీది బ్యాటరీ వోల్టేజీ అంకె చెదురుతుంది, ఆపైన ఎదురుగా ఉన్న కొబ్బరిమట్ట ఎంత దూరమో అంతుపట్టదు. ఏసీ కారులోంచి దించి కాలవగట్టు మీద వెంటనే పెట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు. పెట్టె మూత తెరవకుండా ఓ ఇరవై నిమిషాలు బయటి వేడికి వదలండి. తర్వాత ఆన్ చేసి ఐదు నిమిషాలు ఆగితే లోపలి సర్క్యూట్ వేడికి లెన్స్ కూడా వెచ్చబడుతుంది. పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఉండాల్సిందే.

ఫ్యాన్ మొరాయించింది దాళ్వా (రబీ వరి) కోతల్లో. కోత మిషన్ తిరిగే చేల పక్కన ఎగరేస్తే ధాన్యం దుమ్ము గాలి సందుల్లో చేరుతుంది. ముందు కీచుమంది, తర్వాత ఆగి ఆగి తిరిగింది, చివరికి ఆగిపోయింది. ఫేస్‌ప్లేట్ (ముఖం వైపు పలక) స్క్రూలు విప్పితే రెక్కల మొదట్లో చెమటకి తడిసిన పొట్టు ముద్దకట్టి ఉంది. మెత్తటి బ్రష్‌తో దులిపినా లాభం లేకపోయింది, కొత్తది వేయాల్సొచ్చింది. విడి ఫ్యాన్ కొనేముందు పాతదాని పొడవు, వెడల్పు, మందం కొలవండి, స్టిక్కర్ మీద వోల్టులు చూడండి, కనెక్టర్ సరిపోతుందో లేదో పోల్చుకోండి. పాతదాని స్టిక్కర్ ఏ వైపుందో విప్పేముందే ఫోటో తీసుకోండి. తిరగేసి బిగిస్తే గాలి దిశ మారిపోతుంది.

ఫ్యాన్ ఉంటే చాలన్నట్టు పైన రాశాను గానీ, ముసురు పట్టిన రోజుల్లో అది బయటి తడిగాలినే లోపల తిప్పుతుంది. అప్పుడు పనికొచ్చేది ప్యాడ్ మార్పు. ఫోమ్ చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది, కృత్రిమ తోలు ప్యాడ్‌ని తుడిస్తే ఆరిపోతుంది. అంటించుకునే రకంవి రెండు జతలు ఉంచుకోండి.

కొత్తవాళ్లు ముందు కంటిపాపల మధ్య దూరం సరిచేసుకోవాలి. ఒక కన్ను మూసి, రెండో కంటికి తెర నాలుగు మూలలూ సమానంగా కనబడేదాకా జరపాలి. అది కుదరకపోతే తలనొప్పి, వికారం తప్పవు. హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే కంప్యూటర్‌లో డ్రోన్ ఎగరేయడం నేర్పే సిమ్యులేటర్ బొమ్మని గాగుల్స్‌లోనే చూస్తూ నేర్చుకోండి, ఒక్కోసారికి పదిహేను నిమిషాలు చాలు. బయట ఎగరేసేటప్పుడు పక్కన డ్రోన్ మీద కన్నేసి ఉంచే మనిషి కావాలి. డ్రోన్ నుంచి బొమ్మ తెచ్చే 5.8 గిగాహెర్ట్జ్ సిగ్నల్ తడిసిన కొబ్బరితోటని దాటలేదు, కాబట్టి తోట వెనక్కి పోనివ్వొద్దు. గాగుల్స్ తీశాక లెన్స్‌లు ఎండకి ఎదురుగా పెట్టకండి, తెర మాడి మచ్చ పడుతుంది.

నేను ఎక్కువగా పొద్దున్నే, దగ్గర్లోనే ఎగరేస్తాను, కళ్లజోడు లేదు. కాబట్టి నాకిది సరిపోయింది. కంటి పవర్‌లో సిలిండర్ (అస్టిగ్మాటిజం) ఉన్నవాళ్లకి డయోప్టర్ చక్రం (మామూలు పవర్ సరిచేసేది) ఉన్నా అది సరిదిద్దదు. వాళ్లు లోపల కళ్లజోడు పట్టే, ఒకే పెద్ద తెరున్న డబ్బా రకాన్ని ఒకసారి పెట్టి చూసి, అప్పుడు డబ్బు పెట్టడం మేలు.