డయాలసిస్ వార్డులో టీవీ: స్కిట్టు మేలా, సీరియల్ మేలా?

బరంపురంలో మా మేనమామ డయాలసిస్ చేయించుకునే వార్డులో గోడకు ఒక టీవీ ఉంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల పాటు, సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా పడుకునేవారి ఎదుట అది మోగుతూనే ఉంటుంది. రిమోట్ మాత్రం సిస్టర్ల బల్ల మీద ఉంటుంది. పెద్ద జబ్బును టీవీ హాస్యానికి వస్తువుగా తీసుకోవచ్చునా అన్న ప్రశ్నను నేను ఆ గదిలో కూర్చునే ఆలోచించాను. సినిమాకైతే టికెట్టు కొనుక్కుని మనమే వెళతాం. టీవీ అయితే రోగి మంచం దగ్గరకు తానే వస్తుంది.

మన చానళ్లలో జబ్బు ఎక్కువగా కనిపించేది స్కిట్టులోనూ, ఏడుపు సీరియల్‌లోనూ. స్కిట్టుకు ఉన్న వ్యవధి పది పదిహేను నిమిషాలే కనుక, అందులో మనిషి పరిచయం కాకముందే అతని దగ్గో వణుకో పరిచయమవుతుంది, ఆ లక్షణమే పాత్రగా మారిపోతుంది. దానికంటే సీరియల్ మర్యాదగా ఉంటుందని మా అత్తయ్య వాదన. నేను ఒప్పుకోను. అక్కడ కథానాయికకు వచ్చిన జబ్బు దాచిపెట్టిన రిపోర్టు బయటపడే దాకానే ఉంటుంది; ఆమె రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగవచ్చో, ఆసుపత్రికి బస్సుఛార్జీ ఎవరు పెట్టుకుంటున్నారో ఎవరూ అడగరు.

మూడో దారి ఒకటుంది: రోగినే ప్రధాన పాత్రగా పెట్టి, వారాల తరబడి నడిపే హాస్య ధారావాహిక. అమెరికాలో 2010 నుంచి 2013 వరకు వచ్చిన 'ద బిగ్ సి'లో ఒక బడి పంతులమ్మకు చర్మ క్యాన్సర్ వస్తుంది. మొదట ఆమె ఆ సంగతి ఇంట్లో చెప్పదు. ఆ దాపరికం నుంచే బోలెడంత హాస్యం పుడుతుంది, కానీ కథ చివరికి ఆమె చనిపోతుంది. అంతకంటే పాతదైన 'మ్యాష్' 1972 నుంచి 1983 వరకు నడిచిన సైనిక వైద్యశిబిరం కథ. చానల్ పట్టుబట్టి అందులో రికార్డు చేసిన నవ్వులు చేర్పించినా, ఆపరేషన్ గది దృశ్యాల్లో మాత్రం అవి వినిపించకుండా నిర్మాతలు చానల్‌ను ఒప్పించుకున్నారు. ఆ ఒక్క ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. మన స్కిట్లలో జడ్జీల నవ్వుకు అలాంటి గది ఒక్కటీ లేదు.

మా మామయ్యది ఉద్దానం, కవిటి వైపు ఊరు. కిడ్నీ జబ్బుకు పేరుపడిన ఆ నేల కొబ్బరితోటలకూ ప్రసిద్ధి. కొబ్బరినీళ్లలో, పాడైన కిడ్నీలు బయటకు పంపలేని పొటాషియం ఎక్కువ కనుక, సొంత తోటలో కాసిన బొండాన్ని ఆయన ఇప్పుడు చూడడమే తప్ప తాగడానికి లేదు. ఒకరోజు డయాలసిస్‌కు ముందు బరువు చూస్తే ఒంట్లో నీరు చేరి రెండున్నర కిలోలు పెరిగాడు. సిస్టరు ఒరియాలో "పాణి కమ్ పిఅంతు" అంది, నీళ్లు తక్కువ తాగమని. ఒరియా బాగా వచ్చిన మామయ్య అత్తయ్య వైపు తిరిగి, "ఇన్నావేటే, పని తగ్గించుకోమంటంది సిస్టరమ్మ, ఇకనించి గేదెల్ని నువ్వే సూసుకో" అన్నాడు. సిస్టరుకూ తెలుగు తెలుసు. చేతిలోని చార్టు బల్ల మీద పెట్టి మరీ నవ్వింది.

ఈ మాటనే ఒక హాస్యనటుడు వేదిక మీద, పొట్ట ఉబ్బించుకుని అని ఉంటే నాకు రోత పుట్టేది. తేడా అంతా మాట ఎవరిదన్న దాంట్లోనే ఉందనుకుంటే పొరపాటు. దెబ్బ ఎవరికి తగులుతోందన్నది కూడా చూడాలి. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక సినిమాపై వచ్చిన పిటిషన్‌లో తీర్పు చెబుతూ, వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవారిని కించపరిచే హాస్యం వేరు అని గీత గీసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని వైకల్యాల జాబితాలో, మా ఒడిశాలో ఎందరికో ఉన్న సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు కూడా ఉంది కనుక ఆ గీత మాకు దూరపుదేమీ కాదు. ఆ జబ్బు నొప్పి వచ్చి పోతుంటుంది కనుక, నిన్న మెలికలు తిరిగిన కుర్రాణ్ణి ఇవాళ "నటిస్తున్నావురా" అనే చుట్టాలుంటారు. నవ్వించదలచిన రచయితకు ఆ కుర్రాడికంటే ఆ చుట్టాలు మంచి సరుకు.

కాబట్టి ఎంచుకోమంటే నేను మూడోదాన్నే ఎంచుకుంటాను, కానీ ఒక సందేహంతో. ఆ రోజు వార్డంతా నవ్వినప్పుడు పక్క మంచం మీద ఉన్న పాతికేళ్ల కుర్రాడు నవ్వలేదు. అతనికి డయాలసిస్ మొదలై అప్పటికి రెండు వారాలే. దుప్పటి ముఖం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగాడు. మామయ్య అది గమనించి, ఆ పూట మిగిలినంతసేపూ ఇంకో జోకు వేయలేదు.