సొంత ఫ్రేమ్‌వర్క్ పేరుతో వెబ్ అప్లికేషన్ అమ్మేవారితో జాగ్రత్త

పలాస, కాశీబుగ్గ పరిసరాల జీడిపప్పు వ్యాపారులకు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తమ వ్యాపారం కోసం వెబ్ అప్లికేషన్ చేయించుకోవాలనుకుంటున్న వారందరికీ నమస్కారం. మేము మోసపోయిన విధానం మీకు ముందుగా తెలియాలని ఇది రాస్తున్నాను. ఈ పద్ధతిలో అమ్మేవారు ఇతరులూ ఉన్నారు కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

ఉద్దానం రైతుల దగ్గర కొనే పిక్కల బస్తాలు, బయట పీలింగుకు పంపిన సరుకు, గుండు, బద్ద, నూక నిల్వలు, టిన్నుల అమ్మకాలు అన్నీ ఒకే చోట కనిపించాలని 2022 జూన్‌లో ఒక సంస్థకు పని అప్పగించాము. లారావెల్, జాంగో వంటి ఫ్రేమ్‌వర్కులు (వెబ్ అప్లికేషన్ కట్టడానికి ముందే సిద్ధం చేసి ఉంచిన ప్రోగ్రాం భాగాలు) బరువైనవనీ, తమ దగ్గర తాము తయారుచేసుకున్న ఫ్రేమ్‌వర్క్ ఉందనీ, దానితో నాలుగు నెలల పని నాలుగు వారాల్లో పూర్తవుతుందనీ వారు చెప్పారు. చెప్పినట్లే ఆగస్టు నాటికి అప్లికేషన్ చేతికి ఇచ్చారు. రెండు విడతల్లో రెండు లక్షల నలభై వేలు చెల్లించాము. మొదటి రెండు సీజన్లు ఇబ్బంది లేకుండా గడిచాయి.

ఫ్రేమ్‌వర్క్ వాడటం తప్పని నేను అనడం లేదు. లాగిన్, డేటాబేసులో వివరాలు దాచడం, ఫారాల్లో నింపినవాటిని సరిచూడటం, బయటివారు చొరబడకుండా కాపాడటం వంటివి ప్రతి అప్లికేషన్‌కూ అవసరమే గనుక, అవి ముందే సిద్ధంగా ఉంటే ప్రోగ్రామర్ మన వ్యాపారానికి ప్రత్యేకమైన భాగం మీద దృష్టి పెట్టగలడు. జాంగో 2005 నుంచి, లారావెల్ 2011 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. వాటి కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన ఆదేశాలను, ఎవరైనా చదవవచ్చు, వాటితో పనిచేయగలవారు మన జిల్లాల్లోనూ దొరుకుతారు. ఒకే సంస్థ గుప్పిట్లో ఉన్న ఫ్రేమ్‌వర్క్ విషయంలో ఈ వెసులుబాటు ఏదీ ఉండదని మాకు ఆలస్యంగా తెలిసింది.

2025 ఏప్రిల్‌లో, పిక్కలు వచ్చే రోజుల్లోనే, మా అప్లికేషన్‌ను తమ సర్వర్ మీద ఉంచి నడిపే హోస్టింగ్ వారు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్‌ను తొలగించారు. మా అప్లికేషన్ నడిచేది పీహెచ్‌పీ 7.4 మీద. దానికి భద్రతా సవరణలు 2022 నవంబరు 28తోనే ఆగిపోయాయి. అంటే మూడు నెలల్లో గడువు తీరబోయే పునాది మీద కట్టి, కొత్తదని చెప్పి మాకు అమ్మారు. పీహెచ్‌పీ 8 అప్పటికే 2020 నవంబరులో వచ్చి ఉంది. ఆ రోజు ఉదయం తెర మీద తెల్లటి పేజీ తప్ప ఏమీ రాలేదు. 80 కిలోల బస్తాలు దించి లెక్క కోసం నిలబడిన రైతులకు మా గుమాస్తా కాగితాల మీద చీటీలు రాసి ఇచ్చాడు. సంస్థకు ఫోన్ చేస్తే, కొత్త వెర్షన్‌కు మార్చడానికి మరో లక్షా ఎనభై వేలు అడిగారు. మేము ఆలోచించుకుని చెబుతామన్న తరువాత వారు ఫోన్ ఎత్తడమే మానేశారు.

విజయనగరంలో ఇంజనీరింగు చదివిన మా మేనల్లుడు సర్వర్‌లోని ఫైళ్లు తెరిచి చూపించాడు. ప్రతి ఫైలులో మొదటి రెండు వరుసలే చదవడానికి వీలుగా ఉన్నాయి, మిగిలినదంతా అర్థం లేని అక్షరాల ముద్ద. కోడ్ ఎవరూ చదవలేకుండా తాళం వేసి ఇచ్చారు. తరువాత డేటాబేసు తెరిచాడు. వాడుకదారుల పట్టికలో నా పాస్‌వర్డ్, మా గుమాస్తా పాస్‌వర్డ్ ఉన్నవి ఉన్నట్లుగా, ఎవరైనా చదవగలిగేలా కనిపించాయి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. లారావెల్‌లో గానీ జాంగోలో గానీ ఉన్న లాగిన్ ఏర్పాటునే వాడితే పాస్‌వర్డ్ తిరిగి చదవలేని రూపంలోకి మారి నిల్వ అవుతుంది. అందుకు ప్రోగ్రామర్ ప్రత్యేకంగా కష్టపడవలసిన పని లేదు. బరువని వారు తీసిపారేసిన వాటిలో ఈ రక్షణ కూడా ఉంది.

పేరున్న ఫ్రేమ్‌వర్క్ అని వినగానే ధైర్యపడకండి. అమెరికాలోని ఈక్విఫాక్స్ సంస్థ అపాచీ స్ట్రట్స్ అనే ప్రసిద్ధ ఫ్రేమ్‌వర్క్‌నే వాడింది. అందులోని లోపానికి 2017 మార్చిలో సవరణ వచ్చినా దాన్ని సకాలంలో అమర్చకపోవడంతో సుమారు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. కాబట్టి ఏ ఫ్రేమ్‌వర్క్, ఏ వెర్షన్, ఆ వెర్షన్‌కు భద్రతా సవరణలు ఎప్పటి వరకు వస్తాయి అన్న మూడు సంగతులూ డబ్బు ఇవ్వకముందే రాతపూర్వకంగా అడగండి. లారావెల్ ఒక్కో వెర్షన్‌కు రెండేళ్ల పాటు భద్రతా సవరణలు ఇస్తుంది. జాంగోలో దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్లకు మూడేళ్ల వరకు వస్తాయి. ఉదాహరణకు 2023 ఏప్రిల్‌లో విడుదలైన 4.2కు 2026 ఏప్రిల్ వరకు గడువు. ఆ గడువు దాటాక వెర్షన్ మార్చే ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలోనే తేల్చుకోవాలి. మేము ఆ మాటే ఎత్తలేదు.

కోడ్ ఎవరిదన్న ప్రశ్న అంతకంటే ముఖ్యమైనది. డబ్బు ఇచ్చి చేయించుకున్నాము కాబట్టి అది మాదేననుకున్నాము. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటి సంస్థ రాసిన ప్రోగ్రాం మీద హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే, రాసినవారి దగ్గరే ఉంటుందని న్యాయవాది చెప్పే వరకు మాకు తెలియదు. 19వ సెక్షన్ ప్రకారం బదిలీ పత్రం మీద వారి సంతకం ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే దాన్ని ఐదేళ్లకే ఇచ్చినట్లు లెక్కిస్తారు. మా దగ్గర ఉన్నవి రెండు రసీదులు మాత్రమే, వాటి మీద "సాఫ్ట్‌వేర్ నిమిత్తం" అని తప్ప మరేమీ లేదు.

డేటాబేసుకు తాళం లేకపోవడం వల్ల మూడు సీజన్ల లెక్కలు దక్కాయి. ఇప్పుడు వేరొకరి చేత జాంగోలో కొత్తగా చేయిస్తున్నాము. ఈసారి కోడ్ మా పేరున తెరిచిన ఖాతాలోకే వారం వారం చేరుతోంది. అది చేరిందని మా మేనల్లుడు తన కంప్యూటరులో నడిపి చూసిన తరువాతే ఆ వారపు సొమ్ము చెల్లిస్తున్నాము. హక్కుల బదిలీకి, వెర్షన్ మార్పులకు సంబంధించి న్యాయవాది రాసిన రెండు పేరాలు మా ఒప్పందంలో ఉన్నాయి. ఇటువంటి పని చేయించుకోబోతున్న మన జిల్లాల వ్యాపారులు ఎవరు అడిగినా వాటి నకలు ఇస్తాను.