రెండేళ్లు వాడిన స్మార్ట్‌వాచీ: వాచీ బంగారం, చార్జర్‌తోనే చావొచ్చింది

ముందే చెప్తున్నా, వాచీలో వంక పెట్టడానికేం లేదు. శ్రీకాకుళం ఉక్కపోతకి చెమటలో నాని, వానల్లో తడిసి, రెండేళ్లు దాటినా గ్లాసు మీద ఒక గీత తప్ప ఏమీ కాలేదు, బ్యాటరీ ఇప్పటికీ నాలుగైదు రోజులు వస్తోంది. నా గొడవంతా దాన్ని చార్జ్ చేసే ఆ చిన్న బిళ్లతోనే.

బిళ్లకి రెండు పిన్నులు, లోపల అయస్కాంతం. తిరగేసి పెడితే తోసేస్తుంది, సరిగ్గా పెడితే టక్కున అంటుకుంటుంది. ఆ కేబులు మెడ దగ్గర తెగింది. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల మొబైల్ షాపులన్నీ తిరిగాను. ఒకాయన ఇలాంటి కేబుళ్లే ఒక డబ్బాడు బల్ల మీద బోర్లించాడు, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకటైతే అంటుకుంది కూడా, కానీ పిన్నుల మధ్య దూరం వెంట్రుకవాసి తేడా, చార్జ్ ఎక్కలేదు. "ఇది అవ్వదండి బాబూ, ఏ మోడల్‌కి ఆ మోడల్‌దే" అన్నాడు. నిజమే, అదే కంపెనీ కొత్త వాచీ మా తమ్ముడికి ఉంది, దాని కేబులూ దీనికి పట్టలేదు! సర్వీస్ సెంటర్ కోసం విశాఖ వెళ్తే కేబుల్ విడిగా అమ్మం అన్నారు. ఆఖరికి ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతుంటే చెప్పిన రేటు పెట్టి కొన్నాను.

పట్టీదీ ఇదే తంతు. మామూలు 22 మి.మీ. పట్టీ అయితే ఏ గడియారాల కొట్లోనైనా దొరికేది, దీనికేమో సొంత క్లిప్పు.

ఇక ఫోన్ మార్చాక ఇంకోటి బయటపడింది. వేరే కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకున్నాను, అంతే, వాచీలోంచి మెసేజ్‌కి రిప్లై ఇవ్వడం, కెమెరా నొక్కడం ఆగిపోయాయి, అవి ఆ వాచీ కంపెనీ ఫోన్లలోనే పనిచేస్తాయట. ఆపిల్ వాచ్ అయితే ఐఫోన్ లేనిదే సెటప్పే అవ్వదు, కానీ ఆ సంగతి కొనేవాళ్లకి ముందే తెలుసు. ఇక్కడ పెట్టె మీద ఆండ్రాయిడ్ అని రాసి లోపల ఈ మెలిక పెట్టారు, నాకు ఒళ్లు మండింది దానికే. కంపెనీ యాప్ అక్కర్లేకుండా చాలా వాచీలతో పనిచేసే గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ అనే ఉచిత యాప్ ఉంది, నా మోడల్ అందులో లేదు.

యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లు, ట్యాబ్‌లు, కెమెరాలు, ఇయర్‌బడ్స్ లాంటివాటికి టైప్-సి తప్పనిసరి చేశారు, ఐఫోన్ కూడా అంతకుముందే, 2023లో, దానికి మారింది. ఆ జాబితాలో స్మార్ట్‌వాచీలు లేవు. వాచీలో టైప్-సి రంధ్రం పెట్టడం కష్టమే, ఒప్పుకుంటాను, కనీసం ఒక కంపెనీ వాచీలన్నిటికీ ఒకే బిళ్ల పెట్టడానికేం రోగం? 2018లో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఎవరి చార్జర్ దొరికితే దాంతో ఫోన్లు బతికించుకున్నారు జనం, ఈ వాచీకి ఆ దారి కూడా లేదు.

కొత్తగా కొనేవాళ్లు దుకాణంలోనే స్పేర్ కేబుల్ అడగండి, లేదంటే ఆ మోడల్ వదిలేయండి. నా రెండో కేబుల్ కూడా మెడ దగ్గర విరుగుతోంది, టేపు చుట్టి నడిపిస్తున్నాను. ఎవరి దగ్గరైనా రెండు పిన్నుల పాత బిళ్ల ఖాళీగా పడి ఉంటే చెప్పండి, వాచీ పట్టుకొచ్చి సరిపోతుందో లేదో చూసి తీసుకుంటాను.