చెరిపినవీ కనిపించే చోటు: ఐదేళ్ల ఆన్‌లైన్ సాధనాల వాడకం

డిగ్రీ మొదటి సంవత్సరంలో సెమినార్ పత్రం ఇవ్వాల్సిన రోజు ఉదయం, మా నలుగురి ఉమ్మడి ఫైలులో రెండు పేజీలు కనిపించలేదు. ముందురోజు రాత్రి పదకొండింటికి ఉన్నాయి. తెల్లవారి తెరిచి చూస్తే పరిచయం అయిపోగానే ముగింపు మొదలవుతోంది. నలుగురం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. పక్క గదిలో ఉండే సీనియర్ అక్క వచ్చి, మా వాదన పట్టించుకోకుండా, గూగుల్ డాక్స్ మెనూలోంచి వెర్షన్ హిస్టరీ తెరిచింది. కుడివైపు తేదీలు, వేళలు వరుసగా వచ్చాయి. ఒక్కొక్కరు రాసింది ఒక్కో రంగులో ఉంది, చెరిపింది కొట్టివేత గీతతో కనిపించింది. రాత్రి 11.40 దగ్గర ఆ రెండు పేజీల మీదా ఆకుపచ్చ గీతలు. ఆకుపచ్చ రంగు నాది. పడుకుని ఫోనులో ఒక పదం దిద్దబోయి, ఆ భాగమంతా ఎంచుకుని చెరిపేశాను. చెరిపిన సంగతి నాకే తెలియదు.

అక్క పాత రూపాన్ని మొత్తంగా వెనక్కి తేలేదు. అలా చేస్తే ఆ తర్వాత మిగిలినవాళ్లు రాసినవి ఇప్పటి ఫైలులోంచి తప్పుకుంటాయని చెప్పి, పోయిన రెండు పేజీలను మాత్రం పాత రూపంలోంచి తీసి ఇక్కడ అతికించింది. పది నిమిషాల పని. స్నేహితులకు క్షమాపణ చెప్పుకుని పత్రం ఇచ్చేశాను.

ఇప్పుడు వృక్షశాస్త్రంలో పీజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ఈ ఐదేళ్లలో చదువు కోసం పట్టుకున్న సాధనాల్లో కొన్ని నిలిచాయి, ఎక్కువ భాగం జారిపోయాయి. ఏది ఎందుకు నిలిచిందో ఆలోచిస్తే ప్రతిసారీ ఆ ఆకుపచ్చ గీతలే గుర్తొస్తాయి. వెనక్కి నడిచి చూసుకునే దారి ఉన్న సాధనమే నా చదువుకు ఆసరా అయింది. ఆ దారి లేనిది ఎంత ఆకర్షణగా ఉన్నా నా దగ్గర నిలవలేదు.

గూగుల్ డాక్స్ గురించి ఇంకో రెండు మాటలు. సూచనల పద్ధతి ఉందని నాకు రెండో సంవత్సరం దాకా తెలియదు. మా గైడు దిద్దిన ప్రతి మార్పూ పక్కన చిన్న పెట్టెలో కనిపిస్తుంది, ఒప్పుకోవడమో వద్దనడమో నా చేతిలో ఉంటుంది. మేడమ్ ఒక వాక్యం ఎందుకు మార్చారో ఆలోచించకుండా అన్నింటికీ సరే నొక్కిన రోజుల్లో నా రాత ఏమీ మెరుగుపడలేదు. ఒక్కో దిద్దుబాటు దగ్గర ఆగి, నా వాక్యాన్నీ ఆవిడ వాక్యాన్నీ పైకి చదివి చూసుకోవడం మొదలుపెట్టాకే తేడా తెలిసింది. గూగుల్ డాక్స్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది గానీ, ఆ వెసులుబాటును నెట్ ఉన్నప్పుడే ముందుగా ఆన్ చేసి పెట్టుకోవాలి. ప్రయాణానికి ముందు ఇది మరచిపోవద్దు.

వికీపీడియాను మొదట్లో అందరిలాగే వాడాను: తెరవడం, చదవడం, సొంత మాటల్లోకి మార్చి రాసుకోవడం. ఒకరోజు తరగతిలో మేడమ్ నా పత్రంలోని ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు?" అని అడిగారు. జవాబు లేదు. ఆ సాయంత్రం ఆ వ్యాసం పైన ఉన్న చరిత్ర ట్యాబు మొదటిసారి నొక్కాను. ఎవరు ఏ రోజు ఏ మాట చేర్చారో, ఎవరు తీసేశారో, తీసినందుకు ఏ కారణం చెప్పారో అంతా ఉంది. పక్కన చర్చ పేజీలో ఆ వాక్యం గురించే ఇద్దరు వాదించుకున్నారు. నేను నిజమని రాసుకొచ్చిన సంగతి అక్కడ ఇంకా తేలనే లేదు.

ఆ తర్వాత తెలుగు వికీపీడియాలో ఖాతా తెరిచాను. అది 2003 డిసెంబరులో మొదలైందట, అంటే దాదాపు నా వయసుదే. మొదట అచ్చుతప్పులు దిద్దాను. రాత సాధన కోసం అక్కడ ఉండే ప్రయోగశాల పేజీలో పట్టిక వేయడం నేర్చుకున్నాను. కొంత ధైర్యం వచ్చాక ఒక మొక్క గురించిన వ్యాసంలో మూడు వాక్యాలు చేర్చాను. మూలం ఇవ్వలేదు, ఎందుకంటే అది చిన్నప్పటి నుంచి వింటున్న విషయం, అందరికీ తెలిసిందే అనుకున్నాను. రెండు రోజులకు ఆ వాక్యాల చివర 'ఆధారం చూపాలి' అనే గుర్తు వచ్చింది. మనసు చివుక్కుమంది. వెతికితే మూడింటిలో రెండు వాక్యాలకు పుస్తకంలో ఆధారం దొరికింది, మూడోదానికి ఎక్కడా దొరకలేదు. దాన్ని నేనే తీసేశాను. చదువులో మూలం ఇవ్వడమంటే మార్కుల కోసం చివర్లో తగిలించే తోక అనుకునేదాన్ని. ముక్కూమొహం తెలియని ఒకరు నా మూడు వాక్యాలను అంత శ్రద్ధగా చదివి అడిగారన్న గౌరవం నాకు ఇప్పటికీ ఉంది.

అన్నింటికన్నా ఎక్కువ గంటలు గడిపింది యాంకీతో. ఇది జ్ఞాపకపు కార్డుల సాఫ్ట్‌వేర్, 2006 నుంచి ఉంది. ముందు ప్రశ్న కనిపిస్తుంది, మనసులో జవాబు చెప్పుకుని కార్డు తిప్పుతాం, ఎంత కష్టమైందో నాలుగు మీటల్లో ఒకటి నొక్కి చెబుతాం. తేలిగ్గా గుర్తొచ్చినది చాలా రోజుల తర్వాత వస్తుంది, మరచిపోయినది అప్పుడే తిరిగొస్తుంది. మనసు ఎంత త్వరగా మరచిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించారు. ఆయన గమనించిన మరపుకు ఎదురుగా వేసిన అడ్డుకట్ట లాంటిది ఈ ఏర్పాటు.

చెప్పడానికి ఇంత సులువు, చేతికి రావడానికి ఏడాది పట్టింది. నేను చేసిన తొలి కార్డు ముందువైపు "కాల్విన్ చక్రం వివరించండి" అని ఉంది, అంటే మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చుకునే చర్యల వరుస; వెనక పాఠ్యపుస్తకంలోని పేరా మొత్తం. ప్రతిసారీ సగం గుర్తొచ్చేది, ఏ మీట నొక్కాలో తెలిసేది కాదు. ఎనిమిదోసారి తప్పిపోయాక యాంకీ దాన్ని పక్కన పెట్టేసింది. అలా పదేపదే మరచిపోయే కార్డును ఆ సాఫ్ట్‌వేర్ జలగ అంటుంది, మన సమయాన్ని పీల్చేస్తుంది కాబట్టి. పేరు చాలా సరిగ్గా పెట్టారు. ఆ జలగను ముక్కలు చేశాను. ఆ చక్రం క్లోరోప్లాస్టులో ఎక్కడ జరుగుతుంది? స్ట్రోమాలో. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఎంజైము ఏది? రుబిస్కో. మొదట ఏర్పడే స్థిరమైన పదార్థంలో కార్బన్లు ఎన్ని? మూడు. ఒక గ్లూకోజు అణువుకు శక్తినిచ్చే ఏటీపీ అణువులు ఎన్ని ఖర్చవుతాయి? 18. ఒక్కో కార్డుకు ఒక్కటే జవాబు, అదీ ఒకటి రెండు మాటల్లో. నెల తిరిగేసరికి ఆ చక్రాన్ని కళ్లు మూసుకుని గీయగలిగాను. పేరాను ముక్కలుగా విడగొట్టడానికి పట్టిన గంటన్నరలోనే పాఠం సగం వచ్చేసిందని నా నమ్మకం. అందుకే ఇతరులు తయారుచేసిన కార్డుల కట్టలు దింపుకోవడం మానేశాను.

యాంకీ మొదట్లో రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తుంది. నాలాంటివాళ్లకు అది ఎక్కువ. ఇరవై కొత్తవి కొన్ని వారాలు నడిస్తే, రోజూ తిప్పాల్సిన పాతవి రెండు వందల దాకా పేరుకుంటాయి. జ్వరం వచ్చి రెండు వారాలు తెరవకపోతే నాలుగు వందల పైచిలుకు కార్డులు ఎదురుచూస్తున్నాయి. ఆ సంఖ్య చూసి ఇంకో వారం దాని జోలికి వెళ్లలేదు. ఇప్పుడు రోజుకు ఎనిమిదే. అయినా దీని గణాంకాల పేజీ నాకు ఇష్టం. ఏ కార్డును ఏ తేదీన తప్పానో, ఎన్ని సెకన్లు తడుముకున్నానో మూడేళ్ల కిందటివి కూడా ఉన్నాయి. రుబిస్కో కార్డు మొన్న నాకు రెండు సెకన్లు పట్టింది.

వీడియో పాఠాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. యూట్యూబ్‌లో చూసినవాటి చరిత్రను ఆపేస్తే మొదటి పేజీ దాదాపు ఖాళీగా ఉంటుంది, ఏం కావాలో మనమే వెతుక్కోవాలి. నాకు అదే మేలు చేసింది. పాఠంలో ఎవరో ఒక మాట అన్నారని గుర్తుంటే, పక్కన రాతలో వచ్చే మాటల్లో (ట్రాన్‌స్క్రిప్ట్) ఆ పదం వెతికి అదే క్షణానికి వెళ్లవచ్చు.

సామాజిక మాధ్యమాల్లో నా అనుభవం మిశ్రమం. ఒక మాధ్యమంలో ఆకు అడ్డుకోత బొమ్మ ఒకటి చూశాను. కణజాలాలకు రంగులు వేసి, పక్కన ఎవరో చేతిరాతతో పేర్లు రాశారు. అంత స్పష్టమైన బొమ్మ ఏ పుస్తకంలోనూ చూడలేదు. దాచుకుందామని వేలు కదిపేలోగా తెర తనంతట తానే మారి కొత్తవి వచ్చాయి. గంట వెతికాను. ఎవరు పెట్టారో తెలియదు, ఏ మాటతో వెతకాలో తెలియదు, వెనక్కి వెళ్లే దారి అసలు లేదు. అంతం లేకుండా కిందికి జారే ఈ ఏర్పాటును 2006లో రూపొందించిన అజా రాస్కిన్ తర్వాత బహిరంగంగానే పశ్చాత్తాపం వ్యక్తం చేశారు. ఆ బొమ్మ కోసం ఇప్పటికీ అప్పుడప్పుడు వెతుకుతాను.

కానీ ఆ మాధ్యమాల వల్లే ఒక మంచీ జరిగింది. డబ్బు కడితే తప్ప చదవలేని పరిశోధన పత్రం ఒకటి నాకు అవసరమైంది. ఆ పత్రం రాసిన శాస్త్రవేత్త అక్కడ కనిపిస్తే, నేనెవరో, ఏ ప్రశ్న కోసం అది కావాలో నాలుగు వాక్యాల్లో రాశాను. మర్నాడు పత్రం వచ్చింది, దానితో పాటు మరో రెండు కూడా. అప్పటి నుంచి ఆ యాప్‌ను ఫోనులోంచి తీసేసి కంప్యూటర్‌లోనే, ఎవరినైనా అడగాల్సి వచ్చినప్పుడే తెరుస్తున్నాను.

తరగతి వాట్సాప్ గ్రూపులో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. పరీక్ష వాయిదా పడిందన్న ఫొటో ఎక్కడి నుంచో వస్తే, చదవగానే గ్రూపులో పెట్టాను. దాని మీద తేదీ లేదు. ఇద్దరు దాన్ని నమ్మి ఆ రాత్రి పుస్తకం మూసేశారు, తెల్లవారి పరీక్ష యథాతథంగా జరిగింది. వాళ్లు నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధించింది. చాలా చేతులు మారి వచ్చిన సందేశం మీద వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది. ఆ ఫొటో మీదా ఆ గుర్తు ఉంది. నేను చూడలేదు.

ప్రశ్న అడగడం కూడా నేర్చుకోవలసిన పనే. గణాంకాల కోసం ఆర్ అనే కంప్యూటర్ భాష మొదలుపెట్టినప్పుడు, గ్రాఫు ఎందుకు రావడం లేదని ఒక ప్రశ్నల వేదికలో అడిగాను. గంటలో ప్రశ్న మూసేశారు, తిరిగి చేయగలిగే చిన్న ఉదాహరణ లేదని. కోపం వచ్చింది. అయినా నా రెండు వందల వరుసల పట్టికను వంద, యాభై, పది చేస్తూ వచ్చాను. పదిలో గ్రాఫు వచ్చేసింది. అంటే తీసేసిన వరుసల్లోనే ఏదో ఉంది. వెతికితే ఒక గడిలో 12.5 బదులు 12,5 అని కొట్టాను. ఆ ఒక్క కామా వల్ల ఆ నిలువు వరుస మొత్తాన్ని కంప్యూటర్ అంకెలుగా కాక అక్షరాలుగా చదువుతోంది. ప్రశ్న మళ్లీ పెట్టాల్సిన పని లేకపోయింది.

కృత్రిమ మేధ సాధనాలు నా పీజీలోనే చేతికొచ్చాయి. ఇంగ్లీషు పత్రంలో కొరుకుడుపడని పేరాను విడమరచి చెప్పించుకోవడానికి బాగా పనికొస్తాయి. మూలాలకు మాత్రం వాటిని నమ్మను. ఒకటి నాకు పత్రం పేరు, రచయితల పేర్లు, పత్రిక, సంపుటి, పేజీ సంఖ్యలతో సహా ఇచ్చింది. ఆ పత్రిక ఉంది, సంపుటి ఉంది, ఆ పేజీలో ఉన్నది వేరే పత్రం. ఇప్పుడు ఏ మూలమైనా పరిశోధన పత్రాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో వెతికి, తెరిచి, చదివాకే, మూలాల జాబితా దాచే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లోకి చేరుస్తాను. జొటెరో ఉచితం, బ్రౌజర్‌లో ఒక్క నొక్కుతో వివరాలు దాచుకుంటుంది. ఉచిత నిల్వ 300 ఎంబీయే కాబట్టి పీడీఎఫ్‌లు నా కంప్యూటర్‌లోనే ఉంచుకుంటున్నాను.

కోర్సు అయిపోగానే కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఖాతా మూసేస్తారు. ఈ నెలంతా ఫైళ్లు బయటికి తీసుకుంటున్నాను. యాంకీ కట్టలు, జొటెరో జాబితా ఒక్కో ఫైలుగా దిగిపోయాయి. డాక్స్ ఫైళ్లను సొంత ఖాతాలోకి కాపీ చేసుకున్నాను. అయితే కాపీకి పాత చరిత్ర రాదు, ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. అందుకని మొదటి సంవత్సరం సెమినార్ పత్రాన్ని పాత ఖాతాలో ఒకసారి తెరిచి, రాత్రి 11.40 దాకా వెనక్కి వెళ్లి, ఆకుపచ్చ గీతలున్న ఆ రెండు పేజీలకు స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను.